నేను రాసిన ‘లేదండీ’

శాసనసభలో మంత్రులు చదివే జవాబుల్లో కొన్ని నాలాంటి వాళ్ళం రాసినవే. బయటివాళ్ళకు ఈ మాట చెబితే నమ్మరు. నేను కామారెడ్డిలో ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. పల్లెల్లో ఇంటి పన్నుకు సంబంధించిన కాగితాలు మా సెక్షన్‌కు వస్తాయి. సభ నడిచే రోజుల్లో ఎవరో సభ్యుడు ఒక ప్రశ్న అడుగుతాడు. అది హైదరాబాదులో ఒక్కో ఆఫీసూ దాటుకుంటూ వచ్చి నా టేబుల్ మీద పడుతుంది. నేను రాసిన జవాబు అదే దారిన వెనక్కి పోతుంది. దారిలో ప్రతివాళ్ళూ ఒక సంతకం పెడతారు. మాట మాత్రం ఎవరూ మార్చరు.

ఆ జవాబులకొక పద్ధతి ఉంది. ప్రశ్నను అ, ఆ, ఇ అని ముక్కలు చేసి అడుగుతారు. మొదటి ముక్కకు ‘అవునండీ’ అనో ‘లేదండీ’ అనో రాయాలి. ‘లేదండీ’ అంటే మిగిలిన ముక్కలకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకోవచ్చు. ‘అవునండీ’ అంటే మాత్రం కారణాలు రాయాలి, తీసుకున్న చర్యలు రాయాలి, పట్టికలు జతచేయాలి. ఏది సులువో వేరే చెప్పక్కర్లేదు.

వానలు తెరిపిచ్చి, రోడ్ల మీద మక్కజొన్నలు ఎండబోస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూతపెడుతుంటే ఫోనులో ప్రశ్న వచ్చింది. ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో కూలిపోయిన ఇళ్ళకు కూడా ఇంటి పన్ను వసూలు చేస్తున్న మాట వాస్తవమేనా? అయితే కారణాలేమిటి? ఆ ఇళ్ళను పన్ను జాబితా నుంచి తొలగించడానికి తీసుకున్న చర్యలేమిటి? ఐదు గంటలకల్లా జవాబు పంపాలి.

నేను అటువైపు మండలాలకు ఫోన్లు కలిపాను. ఇద్దరు ఎత్తలేదు. ఒకాయన ఎత్తాడు.

“అసొంటివేం లేవు మేడం. నిల్ అని రాసుకోండ్రి.”

“ఊర్లల్ల అడిగిన్రా?”

“ఇప్పుడేం అడుగుత మేడం, మీరు ఐదు గంటలంటున్నరు. ఉంటే మాకు తెల్వదా?”

నేను రాశాను. అ: లేదండీ. ఆ, ఇ: ప్రశ్న ఉత్పన్నం కాదు. మా సూపరింటెండెంట్ సారు కళ్ళద్దాలు సవరించుకొని సంతకం పెట్టారు. ఆయన ఉద్యోగ విరమణకు అప్పటికి రెండు నెలలే ఉంది. లోపల ఆఫీసరు గారు సంతకం పెట్టారు. ఐదుకు ముందే పంపేశాను. పని తొందరగా అయిపోయిందని ఆ సాయంత్రం మార్కెట్‌లో ఆగి కూరగాయలు కూడా కొనుక్కున్నాను.

మూడో రోజు పొద్దున సూపరింటెండెంట్ సారు తన ఫోనులో సభ ప్రసారం పెట్టారు. మన ప్రశ్న ఉందని అందరినీ పిలిచారు. మంత్రి లేచి, చేతిలో కాగితం చూసి, “లేదండీ” అన్నారు. నా మాట అంత పెద్ద మనిషి నోట వినడం, నిజం చెప్పాలంటే, ముచ్చటగానే అనిపించింది.

అప్పుడు ప్రశ్న అడిగిన సభ్యుడు లేచి ఒక కాగితం పైకెత్తాడు. “అధ్యక్షా, ఒక పేదరాలు ఇల్లు కూలిపోయిందని, పన్ను తీసేయమని ఇచ్చిన అర్జీ ఇది. దీని మీద జిల్లా కార్యాలయం ముద్ర ఉంది, నంబరు ఉంది. అర్జీ తీసుకొని, ముద్ర వేసి, ఇప్పుడు లేదంటే ఎట్లా?”

మంత్రి పూర్తి వివరాలు తెప్పించి సభ ముందు ఉంచుతానని కూర్చున్నారు. సభ తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

సూపరింటెండెంట్ సారు ఫోను ఆపేశారు. అర్జీలు తీసుకునేది నేనే, ముద్ర కొట్టేదీ నేనే. అర్జీలు తీసుకునే ఒక సోమవారం, వరుసలో నిలబడ్డ నలభై యాభై ముఖాల మధ్య, మడతలు పడ్డ అర ఠావు చేతికిచ్చిన ఒక ఆడమనిషి లీలగా గుర్తొచ్చింది. ముద్ర కొట్టాను. ఆమె తెచ్చిన నకలు మీద కూడా కొట్టి ఇచ్చాను. సభ్యుడి చేతిలో ఉన్నది ఆ నకలే అయ్యుండాలి. “చూస్తం” అన్నాను. చూడలేదు.

బీరువా తెరిచి ఒక్కో కట్టా విప్పాను. కట్టలకు చుట్టిన టేపు ముడి ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. మూడో కట్టలో దొరికింది. నీలం సిరాతో ఎవరో రాసిపెట్టిన అర్జీ. కింద వేలిముద్ర. వానకు ఇల్లు కూలిందని, రెండేళ్ళుగా లేని ఇంటికి పన్ను కడుతున్నానని ఉంది. చివర, నంబరు మాత్రం తీయవద్దని మనవి అని ఉంది. ఆ చివరి మాట కంటికి కనబడింది కానీ బుర్రకెక్కలేదు. ముద్ర పక్కన ఉన్న నా పొట్టి సంతకమే కనబడుతోంది.

మాది పెద్దకొడప్‌గల్ వైపు వ్యవసాయ కుటుంబం. మా బాపుకు సర్కారు కాగితమంటే భయం. పొడుగాటి కవరు వస్తే విప్పకుండా దేవుని గూట్లో పెట్టి, చదివేవాళ్ళు వచ్చేదాకా అన్నం ముట్టేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిననాడు, “ఇగ మనకేం భయం లేదు బిడ్డా, కాగితం రాసేటోళ్ళే మన ఇంట్ల ఉన్నరు” అన్నాడు. ఆ కాగితం చేతిలో పట్టుకొని బీరువా ముందు నిలబడ్డప్పుడు బాపు ఎంత అమాయకుడో అనిపించింది.

ఆఫీసరు గారు నన్నూ సూపరింటెండెంట్ సారునూ లోపలికి పిలిచారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అందుకే ఇంకా భయమేసింది.

“ఆ అర్జీ మన దగ్గరకు వచ్చిందా?”

“వచ్చింది సార్. నేనే తీసుకున్న.”

“జవాబు రాసేటప్పుడు చూడలేదా?”

“యాదికి రాలేదు సార్.”

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. “సభకు తప్పు చెప్పించినమంటే ఏమైతదో తెలుసా మీకు? హక్కుల ఉల్లంఘన అని నోటీసు ఇస్తరు. నేను పోయి చేతులు కట్టుకొని నిలబడాలె. నాకంటె ముందు మీరిద్దరు ఇంటికి పోతరు.”

సూపరింటెండెంట్ సారు తల వంచుకున్నారు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగడం నాకు కనిపిస్తోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“రేపు ఇద్దరు ఆ ఊరికి పోండ్రి. ఆమెతోని మంచిగ మాట్లాడుండ్రి. తెల్వక ఇచ్చిన, అర్జీ వాపసు తీసుకుంటున్న అని రాసిస్తే మన జవాబు మన జవాబే.” ఆ మాట అంటున్నంతసేపూ ఆయన కిటికీ వైపే చూశారు.

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాం. సంచిలో రెండు తెల్ల ఠావులు, ఇంకు ప్యాడు, కొలత టేపు పెట్టుకున్నాను. నేను కిటికీలోంచి వరి పొలాలు చూస్తున్నానన్నమాటే గానీ, తలలో మాత్రం సస్పెన్షన్ ఉత్తర్వు ఎట్లా ఉంటుందో వాక్యం వాక్యం రాసుకుంటున్నాను. అసొంటి ఉత్తర్వులు టైపు చేసిన చేతులే కదా నావి. ‘తక్షణమే అమలులోకి వచ్చునట్లు’ అనే ముక్క దగ్గర ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎల్లారెడ్డిలో క్యాంపు ఉందని చెప్పి వచ్చాను.

ఎల్లారెడ్డిలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు దాటి, మట్టిరోడ్డు మీద ఇంకొంత దూరం పోయాక పాతిక ఇళ్ళ చిన్న పల్లె. ఆమె పేరు చెప్పి అడిగితే మొదటి ఇంటివాళ్ళే ఇల్లు చూపించారు. రేకుల పంచ కింద, చాట ఒళ్ళో పెట్టుకొని ఒక ఆడమనిషి బీడీలు చేస్తోంది. యాభై ఏళ్ళుంటాయేమో. మమ్మల్ని చూడగానే చాట పక్కకు పెట్టి లేచింది. లేవడంలో తంబాకు కింద పడింది. అది ఎత్తుకోవాలని కూడా తోచలేదామెకు.

“కామారెడ్డి నుంచి వచ్చినం అక్కా” అన్నాను. “నువ్వు అర్జీ ఇచ్చినవ్ గదా.”

ఆమె వెనక్కి జరిగింది. గోడకు ఆనుకుంది.

“తప్పయింది మేడం” అంది. “నేను వద్దనే అన్న. రాయిస్తే ఏం గాదని ఊరోళ్ళన్నరు. నేను వాపసు తీసుకుంట. పన్ను గూడ కడ్త. ఈ ఏడుది గూడ కడ్త. నన్నేం జెయ్యకుండ్రి.”

నేను రాత్రంతా ఆమెను ఎట్లా ఒప్పించాలా అని ఆలోచించుకొని వచ్చాను. ఆమె మాకన్నా ముందే ఒప్పేసుకుంది. మా అధికారం చూసి ఆమె వణుకుతోంది, ఆమె వేలిముద్ర చూసి మేం వణుకుతున్నాం. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

“కూసో అక్కా, భయపడకు” అన్నాను.

ఆమె లోపల్నుంచి పీట తెచ్చి సారుకు వేసింది. నేను నేల మీదే కూర్చొని, సంచి మీద ఠావు పెట్టుకొని రాయడం మొదలుపెట్టాను. ‘నేను తెలియక ఇచ్చిన అర్జీని నా ఇష్టపూర్వకంగా వాపసు తీసుకొనుచున్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.’ రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చదివి వినిపించాను. ఇంకు ప్యాడు మూత తీశాను. ఆమె ఎడమ బొటనవేలు చీరకు తుడుచుకొని ముందుకు చాపింది. తునికాకు కోసి కోసి ఆ వేలి మీద గీతలు అరిగిపోయి ఉన్నాయి.

వేలు ప్యాడు మీద ఆనించబోతూ ఆగింది.

“మేడం, ఇది పెడితే నా నంబర్ ఉంటదా, పోతదా?”

“ఏం నంబర్?”

“ఇంటి నంబర్. ఇల్లు పోయినా నంబర్ ఉండాలె. అందుకే గద కట్టిన ఇన్ని దినాలు.”

నాకు అర్థం కాలేదు. ఏంది సంగతని అడిగాను. ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. భర్త లేడు. దసరా పోగానే మరిది కుటుంబంతో మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోతుంది, ఎండాకాలం మొదట్లో వస్తుంది. రెండేళ్ళ కింద వానకు మట్టిగోడలు కూలాయి. అప్పట్నుంచి మరిది ఇంటి పంచలోనే ఉంటోంది. పన్ను కట్టకపోతే నంబరు కొట్టేస్తారని ఎవరో చెప్పారు.

“నంబర్ పోతే రేషన్ కార్డు పోతదంట, ఓటు పోతదంట. ఆర్నెల్లు ఊర్ల ఉండనే ఉండం. ఊర్ల లేనోళ్ళకు నంబర్ గూడ లేకపోతే, మమ్ముల ఏ ఊరోళ్ళని రాస్తరు మేడం? అందుకే బీడీల పైసలల్లకెళ్ళి కట్టిన. ఈసారి చాత కాలే. పన్ను తియ్యుండ్రి, నంబర్ ఉంచుండ్రి అని రాయించిన.”

సారు పీట మీద నుంచి లేచారు. “ఆ ఇల్లు యాడ?” అన్నారు.

ఆమె వెనక్కి తీసుకెళ్ళింది. ఇల్లని చెప్పడానికి ఒక మూల మోకాలెత్తు గోడ, పగిలిన గడప రాయి మిగిలాయి. లోపల గడ్డి, ఆముదం మొక్కలు మొలిచాయి. గోడకు తెల్లసున్నం మీద రాసిన నంబరు ఉన్న ముక్కను మాత్రం ఆమె వానకు తడవకుండా రేకుతో కప్పి, పైన రాళ్ళు పెట్టింది. రేకు తీసి చూపించింది. పోయిన ఏడాది మళ్ళీ సున్నం కూడా వేసిందట.

భయం పోయిందని అబద్ధం చెప్పను. ఇంకా పెరిగింది. అంతకుముందు ఉద్యోగం పోతుందనే భయం. ఇప్పుడు చేతిలో ఉన్న తెల్ల కాగితాన్ని చూస్తే భయమేసింది. ఆమె వేలిముద్ర పడితే, సభలో నేను చెప్పించిన ‘లేదండీ’ నిజమైపోతుంది. ఈ మొండిగోడ ఎప్పటికీ ఇల్లే అవుతుంది. మళ్ళీ ఎవరడిగినా ప్రశ్న ఉత్పన్నం కాదు.

“సార్, ఇది వద్దు” అన్నాను.

సారు నా వైపు చూశారు. ఆయన కళ్ళలో కోపం కనబడుతుందేమో అనుకున్నాను. “టేపు తియ్యి” అన్నారు.

రాసిన కాగితం మడిచి సంచి అడుగున పెట్టాను. టేపు ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస నేను పట్టుకున్నాను. మిగిలిన గోడ ఎంత పొడవో, ఎంత ఎత్తో కొలిచాం. ఫోటోలు తీశాను. పక్కింటివాళ్ళిద్దరిని సాక్షులుగా పెట్టి పంచనామా రాశాను. కూలిన ఇల్లు నివాసయోగ్యం కాదని, అర్జీదారు మరిది ఇంటి పంచలో ఉంటున్నదని, ఆ పంచకు వేరే నంబరు ఇవ్వవలసి ఉన్నదని రాశాను. ఆమె వేలిముద్ర వేసేముందు మళ్ళీ అడిగింది. “ఇందుల నంబర్ పోదు గదా?”

“పోకుండ చూస్త” అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. రేపు నా కుర్చీయే ఉంటుందో లేదో నాకు తెలియదు.

తిరుగు బస్సులో సారు పక్కన కూర్చున్నారు. లింగంపేట దగ్గర బస్సు ఆగినప్పుడు రెండు టీలు తెప్పించారు.

“పెన్షన్ కాగితాలు పోయిన వారమే పంపిన్నమ్మా” అన్నారు. “ఇప్పుడు మెమో ఇస్తే అక్కడ్నే ఆగుతయి.”

“సార్, తప్పు నాది. నా పేరే రాయండ్రి.”

“సంతకం నాది గదా.” టీ చల్లారేదాకా తాగలేదు. “సర్వీసంత సంతకాలే పెట్టిన. పోయి చూసి పెట్టింది ఒక్కటి లేదు. ఇయ్యాల చూసిన. చూసినంక ఎట్ల కాదంట?”



మరుసటి రోజు పొద్దున సవరించిన జవాబు రాశాను. అ: అవునండీ. కింద కారణాలు, తీసుకోవలసిన చర్యలు, పంచనామా నకలు. ‘అవునండీ’ అన్న నాలుగక్షరాలు కొట్టడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. సారు సంతకం పెట్టారు. ఆఫీసరు గారి గదిలోకి ఫైలు తీసుకుపోయాం.

ఆయన మొదటి పేజీ చదివి మూసేశారు. “నేను చెప్పిందేంది, మీరు తెచ్చిందేంది?”

కుర్చీ వీపు పట్టుకొని నిలబడ్డాను. సూపరింటెండెంట్ సారే మాట్లాడారు.

“సార్, ఆ సభ్యుడు ఆమె ఇంటికి పోకుంట ఉంటడా? కెమెరాలు పట్టుకొని పోతడు. ఆమె గోడ చూపిస్తది. మొన్ననే సార్లు వచ్చి వేలిముద్ర పెట్టించుకొని పోయిన్రని గూడ చెప్తది. అప్పుడు ఆ వాపసు కాగితమే మన మెడకు ఉరి అయితది.”

ఆఫీసరు గారు ఫైలు తన దగ్గరే పెట్టుకున్నారు. ఆ రోజంతా బయటికి రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డాను. నాలుగు గంటలకు అటెండరు ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. సంతకం ఉంది. ఆయన మంచితనంతో పెట్టారా, భయంతో పెట్టారా అని నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భయంతోనే అని నా అనుమానం. మా ముగ్గురిలో భయం లేకుండా సంతకం పెట్టినవాళ్ళు ఎవరూ లేరు.

సవరించిన జవాబును సభ ముందు ఉంచారని తెలిసింది. ఎవరూ చదవలేదు, ఎవరూ లేచి అడగలేదు. హక్కుల నోటీసు రాలేదు. ఆ సభ్యుడు ఆ పల్లెకు పోయాడో లేదో కూడా నాకు తెలియదు. మాకు మాత్రం మెమోలు వచ్చాయి. నేను నాలుగు పేజీల సంజాయిషీ రాసుకున్నాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. సూపరింటెండెంట్ సారు దండలూ శాలువాలతో రిటైరయ్యారు కానీ పెన్షన్ ఏడెనిమిది నెలలు ఆగింది. ఆ నెలల్లో ఆయన రెండుసార్లు ఆఫీసుకు వచ్చారు. నేను లేచి నిలబడితే, “కూసో అమ్మా” అన్నారే తప్ప, నీ వల్లనే అని ఒక్కసారీ అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించేది.

ఆమె పన్ను తీసేశారు. ఆమె భయపడ్డట్టే, పన్నుతో పాటు నంబరూ తీసేశారు. కంప్యూటర్‌లో ఆ వరుసే లేకుండా పోయింది. అది చూసిన రోజు, సభలో ఆ అర్జీ పైకెత్తిననాటి కన్నా ఎక్కువ భయపడ్డాను. అప్పటికి ఆమె చెరుకు కొట్టడానికి పోయింది. ఆ ఊరి కార్యదర్శికి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఫోను చేశాను. “పంచకు నంబర్ ఎట్ల ఇస్తం మేడం, ఇల్లు గాదు గదా” అన్నాడాయన. పంచనామా చూడమన్నాను. కుదరదన్నాడు. చివరికి సెలవు పెట్టి ఎల్లారెడ్డి పోయి, ఆయన ముందు కూర్చొని కాగితం పెట్టించి వచ్చాను. ఆ పంచకు మరిది ఇంటి నంబరే రాసి, దాని పక్కన ఒక గీత, గీత పక్కన ఒకటి వేసి ఇచ్చారు.

మరిది ఫోను నుంచి ఆమె నెలకొకసారి చేస్తుంది. వెనక ట్రాక్టర్ల చప్పుడు, మరాఠీలో ఎవరివో కేకలు వినిపిస్తుంటాయి. బాగున్నవా మేడం అని కూడా అడగదు.

“నంబర్ ఉన్నదా మేడం?”

ఉన్నదని నాకు తెలుసు. అయినా ఒక్క నిమిషం ఆగమని చెప్పి, కంప్యూటర్ తెరిచి, ఆ ఊరి జాబితాలో ఆమె పేరు దాకా కిందికి దిగి, పక్కన గీతా, ఒకటీ ఉన్నాయని కళ్ళతో చూసుకున్నాకే చెబుతాను.

“ఉన్నది అక్కా.”

“సరే మేడం” అని పెట్టేస్తుంది.